ఇంటి మనిషికి సెలవుండదు

హాల్వర్సన్ తాత గది గుమ్మానికి అడ్డంగా, నడవాలో, ఒక మడత మంచం ఉండేది. ఎస్తెలిటా పడక అదే. తాతకు మతిమరుపు. ఏ వేళప్పుడో లేచి, ఎప్పుడో మూతబడిన ఫ్యాక్టరీకి డ్యూటీకి బయల్దేరతాడు. తలుపు తీసి అడుగు ముందుకేస్తే ఆయన మోకాలు మంచం పట్టెకు తగలాలి. తగిలితే ఎస్తెలిటా లేవాలి. తలుపుకు గంట బిగించడం కన్నా మనిషిని అడ్డం పడుకోబెట్టడం సుళువని ఆ ఇంటి యజమానురాలు పురింగ్ కనిపెట్టింది.

ఈ పరాయి దేశంలో మేముండే కార్సన్‌లో ఇలాంటి ఇళ్ళు వీధికొకటి ఉంటాయి. బయటినుంచి చూస్తే మామూలు ఇల్లే. ముందు గులాబీలు, పక్కన గ్యారేజీ. లోపల ఆరుగురు ముసలివాళ్ళు, వాళ్ళకు అన్నం పెట్టి, ఒళ్ళు తుడిచి, మందులేసే మా ఫిలిపీన్సు ఆడమనిషి ఒకతె. ప్రభుత్వం తరఫున తనిఖీకి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే మడత మంచం గ్యారేజీలోకి పోయేది, క్రిస్మస్ నక్షత్రాల డబ్బాల వెనక్కి. ఎస్తెలిటా బట్టల సంచీ బట్టలుతికే మిషను పక్క అలమరలోకి పోయేది.

"ఏమ్మా, రాత్రిళ్ళు ఎవరుంటారు?" అని తనిఖీ ఆవిడ అడిగితే, "రాత్రి మనిషి వేరే ఉందండీ, నేను పగలొచ్చి పోతాను" అని ఎస్తెలిటా చెప్పేది. చెప్పి, ఆవిడను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేది. అబద్ధం ఆడింది ఎస్తెలిటా. దాని లాభం మాత్రం ఎస్తెలిటాకు ఎన్నడూ అందలేదు.

మేమిద్దరం ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం కాబట్టి, ఎస్తెలిటా ఎందుకు నోరు మెదపలేదు అని నన్ను చాలామంది అడిగారు. పిరికిది కాదు. మా దేశంలో ఇలోయిలో ఊరి చేపల బజారులో పెరిగిన మనిషి, బేరంలో ఎవరికీ లొంగని నోరు. ఆ నోటిని కట్టేసింది జీతం కాదు, చుట్టరికం.

క్రిజెల్ పుట్టినప్పుడు ఎస్తెలిటా, ఒనోఫ్రే ఈ దేశానికి కొత్త. ఎస్తెలిటా అప్పుడే పురింగ్ దగ్గర పనిలో కుదిరింది. పిల్లకు జ్ఞానస్నానం ఇప్పించాలి, జ్ఞానతల్లిగా ఎవరిని నిలబెట్టాలి అన్న మాట వచ్చింది. మా వాళ్ళెవరైనా చేసే పనే వాళ్ళూ చేశారు. తమకన్నా పై మెట్టు మీదున్న మనిషిని, అంటే యజమానురాలినే అడిగారు. యజమాని కాస్తా చుట్టమైతే ఇక కష్టంలో చెయ్యి వదలదని నమ్మకం. పురింగ్ సంతోషంగా ఒప్పుకుంది. ముత్యాల గౌను వేసుకొచ్చి పిల్లను ఎత్తుకుంది. ఆ రోజు నుంచి ఎస్తెలిటాకు ఆవిడ "మేడమ్" కాదు, "అక్క". క్రిజెల్‌కు నినాంగ్, జ్ఞానతల్లి.

ఆ రోజు నుంచే సెలవు అన్న మాట కూడా పోయింది. యజమానిని సెలవు అడగొచ్చు. అక్కను సెలవు అడుగుతారా? అక్కకు ఒంట్లో బాగాలేకపోతే చెల్లెలు రెండు పూటలు ఎక్కువ చెయ్యదా? పురింగ్ ఏనాడూ అరిచి పని చేయించలేదు. ఎస్తెలిటాను ముద్దుగా లీటా అని పిలిచేది. "లీటా, నువ్వు మా ఇంటి మనిషివి కాబట్టి అడుగుతున్నా" అనేది. అంతే. అరిస్తే ఎస్తెలిటా తిరగబడేదేమో. ఇంటి మనిషి అన్నాక ఏం చేస్తుంది?

పేరుకి శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం చర్చిలో పూజ ముగిసేదాకా ఎస్తెలిటాది. ఆ వేళకు నెనెత్ అనే ఇంకో ఆవిడ వచ్చి ఇల్లు చూసుకునేది. ఎస్తెలిటా బస్సెక్కి వాళ్ళ అపార్టుమెంటుకు చేరేది. చేరగానే చేసే మొదటి పని ఎండుచేపలు వేయించడం. ముసలివాళ్ళ ఇంట్లో వాటి వాసన రాకూడదు. వాళ్ళ పిల్లలు చూడ్డానికి వచ్చి ముక్కు మూసుకుంటారని పురింగ్ ఆజ్ఞ. అందుకని వారమంతా ఉడకబెట్టిన కోడి, మెత్తటి బంగాళాదుంప తిన్న నోటికి శనివారం ఎండుచేప, వెల్లుల్లి అన్నం, వెనిగర్‌లో నానిన మిరపకాయ కావాలి. వండేది. పళ్ళెం ముందు పెట్టుకునేది. రెండు ముద్దలు తిని, సోఫాకు తల ఆనించి నిద్రపోయేది.

క్రిజెల్‌కు చిన్నప్పటి నుంచి తెలిసిన అమ్మ ఆ అమ్మే. నోరు కొంచెం తెరిచి, చేతికి అన్నం మెతుకులతో నిద్రపోయే మనిషి. బడిలో "మా అమ్మ" అని బొమ్మ గియ్యమంటే ఆ పిల్ల కళ్ళు మూసుకున్న ఆడమనిషిని గీసింది. టీచరమ్మ కంగారుపడి ఒనోఫ్రేను పిలిపించింది. "చనిపోలేదండీ, శనివారమండీ" అన్నాడట ఒనోఫ్రే. అతను విమానాశ్రయంలో విమానాలు శుభ్రం చేస్తాడు, అదీ రాత్రి డ్యూటీ. "మా ఇంట్లో ముగ్గురం. ముగ్గురం ఒకే వేళ మెలకువగా ఉన్నామంటే ఆ రోజు పండగే" అని అందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. మేమూ నవ్వేవాళ్ళం.

క్రిజెల్‌కు పద్దెనిమిదేళ్ళు వస్తున్నాయి. మాలో ఆడపిల్లకు పద్దెనిమిది నిండితే దెబూ చెయ్యాలి. పెద్ద గౌను, పద్దెనిమిది మంది మగవాళ్ళు ఒక్కో గులాబీ ఇచ్చి పిల్లతో నాట్యం చెయ్యడం, పద్దెనిమిది మంది ఆడవాళ్ళు ఒక్కో కొవ్వొత్తి వెలిగించి ఒక్కో మంచి మాట చెప్పడం. ఆఖరి గులాబీ తండ్రిది. ఆఖరి కొవ్వొత్తి తల్లిది. ఎస్తెలిటాకు తన పద్దెనిమిదో ఏట దెబూ జరగలేదు. ఆ సంవత్సరం తుఫాను వాళ్ళ పడవను పట్టుకుపోయింది. కూతురికి జరిపించాలని ఆమె పట్టుదల. క్రిజెల్‌కు సుతరామూ ఇష్టం లేదు.

ఒక శనివారం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను, ఆ గొడవ నా ముందే జరిగింది.

"గౌనెందుకమ్మా? కొవ్వొత్తులెందుకు? ఆ డబ్బుతో నువ్వు నెల రోజులు పడుకో" అంది క్రిజెల్.

"పడుకోడానికి సమాధి ఉందిలే, తర్వాత పడుకుంటా" అంది ఎస్తెలిటా. "హాలు, కేకు ఖర్చు నినాంగ్ పెట్టుకుంటానంది. ఆవిడ తనంతట తనే అంది."

"అదే నా భయం."

"నోర్ముయ్. పెద్దావిడ్ని అలా అనొచ్చా?"

ఒనోఫ్రే ఎండుచేప తల కొరుకుతూ మధ్యలో దూరాడు. "ఒప్పుకోవే తల్లీ. నా ఆఖరి గులాబీ కోసం నాట్యం నేర్చుకుంటున్నా. విమానంలో సీట్ల మధ్య చీపురు పట్టుకుని రోజూ తిరుగుతున్నా."

"చీపురు నిన్ను భరిస్తోందా నాన్నా?"

"మీ అమ్మకన్నా నయం. మధ్యలో నిద్రపోదు."

ఎస్తెలిటా గరిటెతో అతని భుజం మీద ఒక్కటిచ్చింది. క్రిజెల్ నవ్వి, నవ్వు ఆపి, తల్లి వైపు తిరిగింది. "సరే. ఒప్పుకుంటా. ఒక్కటే షరతు. నువ్వు రావాలి. మెలకువగా ఉండాలి. మొదటి గులాబీ నుంచి ఆఖరి కొవ్వొత్తి దాకా. ఆ రోజు నినాంగ్ ఇంటి నుంచి ఫోనొచ్చిందని మధ్యలో లేచిపోతే మాత్రం నేను గౌను అక్కడే విప్పేసి ఇంటికి నడిచొచ్చేస్తా."

"వస్తానే. నా కూతురి పండక్కి నేను రాకుండా ఎవరొస్తారు?"

"ప్రమాణం చెయ్యి."

"చేపల చేత్తో ప్రమాణం ఏంటే" అంటూనే చేసింది ఎస్తెలిటా.

తర్వాతి వారం ఆమె పురింగ్‌ను అడిగింది. అడగడానికే రెండు మూడు రోజులు లోపల్లోపల నలిగింది. "అక్కా, ఆ శనివారం పొద్దుటి నుంచీ నాకు వదిలేస్తారా? పిల్లకు జడ వేయాలి..."

పురింగ్ రెండు చేతులూ పట్టుకుంది. "అయ్యో లీటా, అడగాలా? ఆ రోజంతా నీదే. నేను లేనూ? అన్నీ నేను చూసుకుంటా. అది నా బిడ్డ కూడా కదే."

ఇందులో ఒక చిక్కుంది, అది అప్పటికి ఆ ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. తట్టాల్సింది పురింగ్‌కు. ఇల్లు చూసుకునేవాళ్ళు ఇద్దరే, ఎస్తెలిటా, నెనెత్. క్రిజెల్ కొవ్వొత్తుల్లో నెనెత్‌కూ ఒకటి ఉంది. అంటే ఇద్దరూ పండక్కి పోవాలి. మూడో మనిషిని మాట్లాడాలి. పురింగ్ మాట్లాడలేదు.

ఆ శనివారం పొద్దున్నే ఎస్తెలిటా ముసలివాళ్ళందరికీ స్నానాలు చేయించింది. ఊదారంగు గౌను ఇస్త్రీ చేసి మిషను పక్క అలమరలో తగిలించింది. కూతురికి జడ వేయాల్సిన వేళకు పురింగ్ ఫోను చేసింది. "కొంచెం ఆగు లీటా. నెనెత్ బయల్దేరింది, దారిలో ఉంది. నేను పూలవాడి దగ్గరున్నా." జడ పక్కింటి అమ్మాయి వేసింది. మధ్యాహ్నం మళ్ళీ ఫోను. "రోడ్డంతా కార్లేనట. వచ్చేస్తుంది పాపం." సాయంత్రం అవుతోంది. మంచం దిగలేని బీమర్ మామ్మకు జావ తాగిస్తూ ఎస్తెలిటా కూతురికి ఫోను చేసింది. "వచ్చేస్తున్నా నాన్నా. నెనెత్ ఆంటీ గుమ్మంలో కాలు పెట్టగానే నేను గుమ్మం దాటతా. గులాబీలు మొదలెట్టమను, కొవ్వొత్తులకు ఉంటా."

ఆమె వెళ్ళిపోవచ్చు కదా అని అడిగేవాళ్ళు ఆ ఇల్లు చూడలేదు. ఆరుగురిలో ఇద్దరు మంచం దిగలేరు. హాల్వర్సన్ తాత తలుపు తెరిచి ఉంటే నేరుగా రోడ్డు మీదకు పోతాడు. వాళ్ళను వదిలి వెళ్ళడం చట్టప్రకారం నేరం. చట్టం సంగతి పక్కనపెట్టండి, ఎస్తెలిటా వల్ల కాదు. ఆ సంగతి పురింగ్‌కు బాగా తెలుసు. తెలిసే, ఎస్తెలిటా సర్దుకుంటుందిలే అనుకుంది. ఇన్నేళ్ళూ సర్దుకున్న మనిషి ఒక్క సాయంత్రం సర్దుకోదా?

చర్చి హాల్లో మేమంతా చేరాం. గులాబీలు మొదలయ్యాయి. క్రిజెల్ తెల్ల గౌనులో, ఒక్కొక్కరితో రెండేసి చుట్లు తిరుగుతూ, గులాబీ గులాబీకీ తలుపు వైపు చూస్తోంది. బల్ల మీద నిప్పుల్లో కాల్చిన నిండు పంది, తోలు కరకరలాడుతూ. దాని మీద ఈగ వాలకుండా మా చర్చిలో అందరికన్నా పెద్దావిడ, చెవిటి సిసాంగ్ మామ్మ విసనకర్రతో కాపలా. అప్పుడు తలుపు తెరుచుకుంది. అందరం తిరిగి చూశాం.

నెనెత్.

ఎర్ర గౌను, ఎత్తు చెప్పులు, చేతుల్లో నూడుల్స్ పళ్ళెం. "ఆలస్యమైందా? పొయ్యి మంట సరిగా లేక చచ్చాను" అంటూ నవ్వుతూ వచ్చింది.

నాట్యం చేస్తున్న పిల్లాడి చెయ్యి వదిలేసి క్రిజెల్ గౌను ఎత్తి పట్టుకుని ఎదురెళ్ళింది. "ఆంటీ, మీరిక్కడుంటే అక్కడెవరున్నారు?"

"ఎక్కడ?"

"నినాంగ్ ఇంట్లో. తాతల దగ్గర."

నెనెత్ ముఖంలో నవ్వు పోయింది. "నన్ను రావద్దన్నారే. వేరే మనిషిని చూశాం, నువ్వు హాయిగా పండక్కి రా అని పురింగ్ అక్కే చెప్పింది. అంటే... మీ అమ్మ రాలేదా?"

క్రిజెల్ తలుపు వైపు ఇంకోసారి చూసింది. నెనెత్ అప్పటికే చెప్పులు విప్పుతోంది. "నేను పోతా, ఇప్పుడే పోతా. కారు తాళం ఎవరిదైనా ఇవ్వండి."

"వద్దాంటీ. మీరు కూర్చోండి" అంది క్రిజెల్. తిరిగెళ్ళి, మిగిలిన గులాబీలన్నీ తీసుకుంది. తండ్రితో ఆఖరి నాట్యం మాత్రం చెయ్యలేదు. "నాన్నా, కొంచెం ఆగు" అంది. ఒనోఫ్రే గులాబీ పట్టుకుని, పెళ్ళివారు మరిచిపోయిన బాజావాడిలా నిలబడిపోయాడు.

కొవ్వొత్తులు మొదలయ్యాయి. మొదటిది జ్ఞానతల్లిది. పురింగ్ తళుకుల గౌనులో లేచి, మైకు అందుకుంది. ఆవిడ మాట తీపి. మా చర్చిలో ఏ చందా అయినా మొదటి పేరు ఆవిడదే. కొవ్వొత్తి వెలిగించి అంది: "క్రిజెల్, నువ్వు నా కడుపున పుట్టలేదన్న మాటే కానీ నా బిడ్డవే. మీ అమ్మ నా దగ్గర పనిమనిషి అని ఎవరైనా అంటే నాకు కోపమొస్తుంది. తను నా తోబుట్టువు. మా ఇంటి మనిషి."

చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

క్రిజెల్ చెయ్యి చాచి మైకు అడిగి తీసుకుంది. ప్రతి మాటా స్పష్టంగా వినపడింది.

"థాంక్యూ నినాంగ్. మీరు ఇంటి మనిషే అన్నారు కదా. మా అమ్మ ఇంకా అక్కడే ఉంది. నెనెత్ ఆంటీని మీరే రావద్దన్నారట. ఇల్లు మీది, ఆ తాతలు మీవాళ్ళు. ఒక్క రెండు గంటలు మీరెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చోండి. అమ్మని పంపండి. అమ్మ వచ్చేదాకా నేను ఇంకో కొవ్వొత్తి వెలిగించనివ్వను."

మా వాళ్ళు చావుకన్నా ఎక్కువగా భయపడేది నలుగురిలో తలవంపులకు. పెద్దావిడను, అదీ జ్ఞానతల్లిని, మైకులో అలా అనడమా? ఎవరో "ఒసే పిల్లా, ఊరుకో" అని గొణిగారు. ఇంకెవరో "మొహమాటం ఉండక్కర్లేదా" అన్నారు. పురింగ్ నవ్వు ముఖం అలాగే పెట్టుకుని, "నెనెత్ వెళ్తుంది కదమ్మా..." అంటోంది.

"నెనెత్‌కు ఈ రోజు సెలవు. మీరే ఇచ్చారు" అంది క్రిజెల్.

అప్పుడు పంది దగ్గరి నుంచి సిసాంగ్ మామ్మ గొంతు లేచింది. చెవుడు కదా, ఆవిడ గుసగుస కూడా అరుపే. "ఎవరో ఒకరు తొందరగా వెళ్ళండర్రా! పంది తోలు మెత్తబడిపోతోంది!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే పురింగ్‌ను కదిలించింది. తిట్టు అయితే ఎదుర్కొనేది, నవ్వును ఎలా ఎదుర్కొంటుంది? "అలాగే, నా బంగారం అడిగితే వెళ్ళనా" అంటూ, తళుకుల గౌను ఎత్తిపట్టుకుని, అందరికీ చెయ్యూపుతూ వెళ్ళింది. ఒనోఫ్రే తమ్ముడు కారు తీశాడు.

ఎస్తెలిటా వచ్చింది. ఊదారంగు గౌను వేసుకోలేదు. వేసుకునే వ్యవధి ఆమెకు ఎవరిచ్చారు? పని బట్టలు, మోకాలి నొప్పుల మందు వాసన, జుట్టు రబ్బరు బ్యాండుతో బిగించి. మేమంతా ఆమె ఏడుస్తుందనుకున్నాం, కూతుర్ని కావలించుకుంటుందనుకున్నాం. ఆమె నేరుగా వెళ్ళి కూతురి మోచెయ్యి పట్టుకుంది.

"ఏం చేశావే? ఆవిడ ఆ గౌనుతో, హాల్వర్సన్ తాతకు పక్క మారుస్తోంది! ఏ ముఖం పెట్టుకుని రేపు పనిలోకి పోవాలి నేను?"

"నువ్వు రోజూ మారుస్తావు కదమ్మా."

"నేను వేరు."

"ఎందుకు వేరు?"

ఎస్తెలిటా చుట్టూ చూసింది, బల్ల బల్లకూ తిరిగి "పిల్లది, తెలియక అంది, ఏమీ అనుకోకండి" అని అందరికీ చెప్పుకుంది. వాళ్ళు ఆమెనే పళ్ళేలు తీసుకురమ్మన్నారు.

కొవ్వొత్తులు మళ్ళీ మొదలయ్యాయి. నేనొకటి వెలిగించాను, నెనెత్ ఒకటి వెలిగించింది. ఎస్తెలిటా ఒక పక్కన నిలబడే ఉంది. కుర్చీ వేస్తే వద్దంది. "కూర్చుంటే నిద్రొస్తుంది, దానికి మాటిచ్చాను" అంది నాతో, మెల్లగా. కాలు మార్చి కాలు మీద బరువు వేస్తూ, రెప్పలు బలవంతాన ఎత్తుతూ, మిగతా పదహారు మంది చెప్పిన మంచి మాటలూ విన్నది. కీర్తి రావాలని, మంచి మొగుడు రావాలని, నర్సు కావాలని, దేవుడు తోడుండాలని.

ఆమె వంతు వచ్చింది. కొవ్వొత్తి వెలిగించింది. మైకు ఎలా పట్టుకోవాలో తెలియక గడ్డానికి ఆనించుకుంది.

"నువ్వు ఏ పనైనా చెయ్యి నాన్నా" అంది. "పెద్దదైనా చిన్నదైనా. కానీ రాత్రి పడుకుని పొద్దున లేచే పని చూసుకో. అంతే. నాకింకేం తెలీదు."

ఆ మాటకు చప్పట్లు కొట్టాలో వద్దో మాకు తెలియలేదు. ఒనోఫ్రే తన గులాబీ తెచ్చాడు. తండ్రీకూతుళ్ళు నాట్యం చేశారు. నిజంగానే చీపురుతో నేర్చుకున్నట్టే ఉంది. ఎస్తెలిటా చివరిదాకా నిలబడి, చివరిదాకా చూసింది. ముగ్గురూ ఒకే వేళ మెలకువగా ఉన్నారు.

దానికి ఆమె కట్టిన మూల్యం చెప్తాను వినండి.

మర్నాడు పూజ కాగానే ఎస్తెలిటా ఎప్పటిలాగే పనికి వెళ్ళింది. కేకు ముక్క, పంది మాంసం పొట్లం కట్టుకుని, దారిలో క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకుని మరీ వెళ్ళింది. బట్టల సంచీ గుమ్మం బయట పెట్టి ఉంది. పురింగ్ తలుపు సగమే తీసింది.

"అక్కా, నన్ను పనిలోంచి తీసేస్తున్నారా?"

"తియ్యడమేంటి లీటా? నువ్వు పనిమనిషివైతే కదా తీసేది. ఇంటి మనిషివి. ఇంటి మనిషే నలుగురిలో నా ముఖాన ఉమ్మించాక, ఇంక నేనేమనాలి? నా మనసు విరిగింది. నువ్వు రాకు. అంతే."

ఈ మాటలు జాగ్రత్తగా చూడండి. పని చేయించుకునేటప్పుడు చుట్టం కాబట్టి సెలవు లేదు. పొమ్మనేటప్పుడు చుట్టం కాబట్టి ఉద్యోగం పోవడం కూడా లేదు. ఉద్యోగమే లేనప్పుడు అడిగే హక్కేముంటుంది? ఏ పక్క నుంచి చూసినా ఎస్తెలిటా చేతికి ఏమీ రాదు. వంచన చేసేవాళ్ళందరూ కరుకుగా మాట్లాడరు. కొందరు చేతులు పట్టుకుని మాట్లాడతారు.

లోపల హాల్వర్సన్ తాత "ఇంగ్రిడ్, ఇంగ్రిడ్" అని పిలుస్తున్నాడు. ఎస్తెలిటాను ఆయన తన చెల్లెలి పేరుతోనే పిలుస్తాడు. ఆమె అలవాటు కొద్దీ "ఆఁ, వస్తున్నా" అంది. పురింగ్ తలుపు మూసింది.

చర్చిలో మాట రెండుగా చీలలేదు. దాదాపు అంతా ఒకవైపే. "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టారు" అన్నారు. హాలు పెట్టించింది, కేకు పెట్టించింది, ఆవిడకే అవమానమా అన్నారు. ఆ కేకు తిన్నవాళ్ళే అన్నారు. ఎస్తెలిటా ఎప్పుడు సెలవు తీసుకుందో, ఎక్కడ పడుకుందో మాత్రం ఒక్కరూ అడగలేదు. క్రిజెల్‌ను చూసి తల తిప్పుకున్నారు. కొన్నాళ్ళు ఎస్తెలిటా కూడా కూతుర్ని తిట్టింది. "నీ నోటి దూల వల్ల" అనేది. క్రిజెల్ ఎదురు చెప్పలేదు. బడి అయ్యాక బట్టల దుకాణంలో పనికి కుదిరింది. ఇంట్లో ఎస్తెలిటా పగలు పడుకుని, పక్క వాటాలో ఎవరి తలుపు చప్పుడైనా ఉలిక్కిపడి లేచి, చెప్పులు వెతుక్కునేది.

మాకు ఇక్కడ పనివాళ్ళ సంఘం ఒకటుంది. పెద్దదేం కాదు, ఒక గది, కొన్ని కుర్చీలు. నేనూ వెళ్ళాను, నెనెత్ కూడా వచ్చింది. సెలవు లేకుండా రాత్రింబగళ్ళు పని చేయించుకున్నందుకు కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టమని ఎస్తెలిటాకు చెప్పాం.

"చుట్టం మీద ఫిర్యాదా? దేవుడు మెచ్చడు" అంది.

"ఆవిడ నిన్ను చుట్టంలా చూసిందా?" అంది నెనెత్.

"జ్వరమొస్తే మందిచ్చింది."

"ఇచ్చి?"

"ఇచ్చి, తాతకు స్నానం చేయించమంది" అని, ఎస్తెలిటా తనే నవ్వింది. నీరసంగా, దగ్గులా వచ్చిన నవ్వు.

చివరికి ఆమెను ఒప్పించింది మేము కాదు. ఆ ఇంట్లోకి కొత్త మనిషి వచ్చిందని నెనెత్ చెప్పింది. ఊరి నుంచి ఈ మధ్యే వచ్చిన అమ్మాయి, కడుపుతో ఉంది. పుట్టబోయే బిడ్డకు నేనే నినాంగ్‌నని పురింగ్ అప్పుడే అందట.

అది విని ఎస్తెలిటా సంచీ భుజాన వేసుకుంది. "పదండి" అంది. "నా కోసం కాదు. ఆ పిల్ల ఒప్పుకోకముందే ఎవరో ఒకరు చెప్పాలి."

ఫిర్యాదు పెట్టాం. విచారణ జరగాల్సి ఉంది. ఏమవుతుందో తెలియదు. మా దగ్గర సాక్ష్యం చెప్పేవాళ్ళు ఇద్దరే, ఎస్తెలిటా, నెనెత్. హాల్వర్సన్ తాత సాక్ష్యం చెల్లదు. ఎస్తెలిటా ఇప్పుడు ఒక హోటల్లో గదులు సర్దుతోంది. అలసట తగ్గలేదు, కానీ సాయంత్రానికి ఇంటికి వస్తోంది. వచ్చి, కూతురు చెప్పేది ఏదైనా సగం దాకా వింటోంది.

ఇక మీతో ఒక మాట. ఇది ఎక్కడో కార్సన్‌లో, ఫిలిపీన్సు వాళ్ళ మధ్య జరిగిందని పక్కన పెట్టెయ్యకండి. మీ ఇంట్లోనో, మీ అన్నయ్య ఇంట్లోనో, మంచాన పడిన అత్తగారినో, చంటిపిల్లనో చూసుకోవడానికి ఒక మనిషి ఉండే ఉంటుంది. ఆమె గురించి ఎవరైనా అడిగితే మీరూ అనే ఉంటారు, "పనిమనిషి ఏంటండీ, మా ఇంట్లో మనిషే" అని. ఆ మాట ప్రేమతోనే అని ఉంటారు, నాకు అనుమానం లేదు. పురింగ్ కూడా సగం ప్రేమతోనే అంది. కానీ ఈ వారం ఆ మాట అనకండి. దాని బదులు ఆమెను కూర్చోబెట్టి, వారంలో ఏ రోజు నీది అని అడగండి. ఆమె మొహమాటపడి "నాకెందుకండీ సెలవు" అంటుంది. నమ్మకండి. మళ్ళీ అడగండి. రోజు చెప్పేదాకా అడగండి. చెప్పాక, ఆ రోజు ముసలాయనకు మీరే స్నానం చేయించండి, పక్క మీరే మార్చండి, రాత్రి ఆయన పిలిస్తే మీరే లేవండి. పక్కింట్లో పనిచేసే ఆమెకు రోజు లేదని తెలిస్తే ఆ ఇంటివాళ్ళను కూడా అడగండి, మొహమాటం లేకుండా, నలుగురు ఉన్నప్పుడే అడగండి. అక్కడ పని సాగకపోతే పనివాళ్ళ సంఘం మీ ఊళ్ళో ఎక్కడుందో కనుక్కుని ఆమెకు దారి చూపించండి, అవసరమైతే వెంట వెళ్ళండి. సాక్ష్యం చెప్పాల్సి వస్తే చెప్పండి.